శోకానికో శవం కావలెను

వేములమిట్ట 'పొలంగట్టు రేడియో'కు మేనేజరు ప్రమీల. అనౌన్సరూ ప్రమీలే. ప్రసారం ఆగిపోతే మిద్దె మీదికెక్కి తీగలు కదిపి చూసే ఇంజనీరూ ప్రమీలే. పొద్దున్నే స్టూడియో ఊడ్చేదెవరో వేరే చెప్పనక్కర్లేదు. సహకార సంఘం గోదాము మీద ఒకే ఒక్క గది, గోడలకు గోనెపట్టాలు, ఒక మైకు, ఒక కంప్యూటరు. అంతే ఆ రేడియో. చుట్టుపక్కల ఇరవై రెండు ఊళ్ళలో వినిపిస్తుంది. గాలి అనుకూలిస్తే ఇరవై మూడు.

తప్పిపోయిన మేకల వివరాలు, మిరప తోటకు పట్టిన పురుగు సంగతి, బడిపిల్లల పద్యాలు, కూలితల్లుల పాటలు, ఇవన్నీ అందులో వచ్చేవి. ఆ ఏడు నాట్లు మొదలయ్యే రోజుల్లో ఏడు రోజుల పాటు కవిత్వానికీ సంగీతానికీ కళలకూ వారోత్సవం చెయ్యాలని ప్రమీలకు బుద్ధి పుట్టింది. సోమవారం నాట్ల పాటలు, మంగళవారం కవిత, బుధవారం జోలపాట, ఇలా వరస రాసుకుంది. ఆదివారం మాత్రం ఆదెమ్మకు.

ఆదెమ్మకు డెబ్బై ఆరేళ్ళు. శోకం పాడుతుంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆమెకు కబురు వెళ్ళనక్కర్లేదు, తనే వచ్చేస్తుంది. తల దగ్గర కూర్చుని, పోయినవాళ్ళ బతుకంతా రాగం తీసి పాడుతుంది. మంచీ పాడుతుంది, చెడ్డా పాడుతుంది. చివర్లో, ముందే పోయినవాళ్ళందరికీ ఆ పోయే మనిషి చేత కబుర్లు పంపుతుంది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న విద్య అది, వాళ్ళమ్మకు వాళ్ళమ్మ నేర్పింది. ఆదెమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు. దానికి తోడు ఈమధ్య గొంతులో గడ్డ లేచింది. వారోత్సవం ముగిసిన మర్నాడే ఒంగోల్లో ఆపరేషను. మాట ఉంటే ఉండవచ్చు గానీ పాట మాత్రం ఉండదని డాక్టరు ముందే చెప్పేశాడు.

"అరిష్టం గదా అవ్వా, ఎవురూ పోకుండా శోకం పాడతావా?" అని ప్రమీల భయపడుతూనే అడిగింది.

"కొంపలో పాడితే అరిష్టం. రేడియో ఎవురి కొంపా కాదు గదమ్మాయ్" అంది ఆదెమ్మ. "యాభై ఏళ్ళ నుంచి పాడతన్నా గానీ నా పాట ఒక్కరంటే ఒక్కరు ఇనలా. చచ్చినోడు ఇనడు. బతికినోళ్ళు గుండెలు బాదుకుంటా ఉంటారు. మిగతావోళ్ళు పాడె కట్టే పన్లో పడతారు. ఈ గొంతు పోయేలోపల, కుదురుగా కూర్చోని ఇనే మనిషికి ఒక్కసారి పాడాల. అంతే నా కోరిక" అంది.

ఏమైనా సరే ఆదివారం ఆ పాట ఇరవై రెండు ఊళ్ళూ వినాల్సిందేనని ప్రమీల అక్కడికక్కడే మాటిచ్చేసింది.

వారోత్సవానికి నాలుగు రోజుల ముందు ఉత్తర్వు వచ్చింది. పంపినవారు రాష్ట్ర జానపద శ్రవ్యకళా సహజత్వ పరిరక్షణ మండలి. ఆ పేరు ఒక్క గుక్కలో చదవడానికి ప్రమీల మూడుసార్లు ప్రయత్నించి మానుకుంది. ఉత్తర్వు మాత్రం పొట్టిదే.

'ఏ పాటైనను, పద్యమైనను, కవితయైనను తన సహజ సందర్భమునందు మాత్రమే ప్రత్యక్ష ప్రసారము కావలెను. సందర్భరహిత కళ కళగా పరిగణింపబడదు. రికార్డు చేయబడిన కళ ఎండబెట్టిన కళగా పరిగణింపబడును. ఉల్లంఘించిన కేంద్రముల అనుమతి రద్దగును.'

దీని వెనక ఒక కథ ఉంది. కిందటేడు ఏదో పట్నంలో ఒకావిడ పట్టుచీర కట్టుకుని, ఏసీ హాల్లో నిలబడి పడవపాట పాడిందట. సభలో ఒక పెద్దాయన లేచి, "పడవేదీ?" అని అడిగాడట. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్న మండలిని పట్టుకుని వదల్లేదు. ఆరు నెలలు చర్చించి, పడవ ఉండి తీరాల్సిందేనని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఉత్తర్వు వెనకాలే పరిశీలనాధికారి మార్తాండరావు జీపు దిగాడు. చేతిలో టేపు, వెనక ఫైళ్ళు మోసే గుమాస్తా.

"చూడమ్మా, కళ అనేది చేప వంటిది. సందర్భమనే నీటి నుండి బయటకు తీసినచో అది కళ కాదు, కూర" అన్నాడు మార్తాండరావు కుర్చీలో కూర్చుంటూనే. "మొదటి అంశమేమి?"

"నాట్ల పాటలండీ. సామ్రాజ్యం ముఠావాళ్ళు పాడతారు."

"బురద ఎక్కడ?"

ప్రమీల కిటికీలోంచి పొలాల వైపు చూపించింది. మార్తాండరావు తల అడ్డంగా ఊపాడు. ప్రసారం స్టూడియో నుండే జరగాలని పాత ఉత్తర్వు ఒకటి ఉంది, బురదలోనే పాడాలని కొత్త ఉత్తర్వు ఉంది. ప్రభుత్వ విధేయుడైన మనిషి రెండింటినీ గౌరవించాలి. కాబట్టి బురదే స్టూడియోకు రావాలి.

వచ్చింది. రెండు ట్రాక్టర్ల ఒండ్రుమట్టిని బొచ్చెలతో మిద్దె మీదికి మోశారు. గడపకు అడ్డంగా ఇటుకలు పేర్చి నీళ్ళు పోశారు. మార్తాండరావు పంచె పైకి కట్టి స్వయంగా టేపు దింపి, "పిక్క లోతు మాత్రమే ఉన్నది. మోకాలి లోతుకు మూడంగుళాలు తక్కువ" అని తేల్చాడు. ఇంకో అర ట్రాక్టరు తెప్పించారు. కింద గోదాములో యూరియా బస్తాల మీద బురదనీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయని సొసైటీ సెక్రటరీ పైకి పరిగెత్తుకొచ్చాడు. నీరుపారుదల సందర్భంలో భాగమేనని మార్తాండరావు ఆయనకు నచ్చజెప్పి పంపాడు.

సోమవారం సామ్రాజ్యం, ఆమె ముఠాలో ఎనిమిది మందీ చీరలు ఎగదోపుకుని స్టూడియోలో దిగారు. సామ్రాజ్యం గొంతెత్తబోయింది.

"నిలబడి పాడరాదు. నాటువారు వంగి ఉందురు" అన్నాడు మార్తాండరావు.

వంగారు. మైకు వంగలేదు. దాన్ని గూటానికి కట్టి మోకాళ్ళ ఎత్తుకు దించారు. అందరూ వంగి, నారు నాటుతూ, బురదలోకి పాడారు. ఇరవై రెండు ఊళ్ళలో జనానికి గంటసేపు చపక్ చపక్ మనే చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు.

"ఏందిది ప్రమీలక్కా, ఎవురన్నా గేదెల్ని కడగతన్నారా?" అని ఒకాయన ఫోను చేసి అడిగాడు.

పాటయ్యాక బురద ఎత్తేద్దామంటే గుమాస్తా అడ్డం పడ్డాడు. మండలి కార్యక్రమంలో నాటిన పైరు మండలి ఆస్తి. కోతకొచ్చేదాకా ఒక్క దుబ్బును కూడా పీకడానికి లేదు. దాంతో ఆ తరవాతి కార్యక్రమాలన్నీ వరిపొలంలోనే జరిగాయి. మైకు దగ్గరికి వెళ్ళడానికి ప్రమీల గోడ వారన గట్టు వేసుకుంది. బుధవారానికల్లా కప్పలు కూడా చేరాయి.

మంగళవారం కవిత్వం. హైస్కూలు తెలుగు మాస్టారు హనుమత్ప్రసాద్ విరహం మీద మంచి కవిత రాశారు. భార్య లేని ఇల్లు, చల్లారిన కాఫీ, ఆరని దీపం, అలాంటివన్నీ ఉన్నాయి.

"తమరి సతీమణి ఎక్కడ ఉన్నారు?" అడిగాడు మార్తాండరావు.

"ఇంట్లోనేనండీ, పప్పు రుబ్బుతోంది."

"మరి విరహమేది?"

అప్పటికప్పుడు జీపులో ఆమెను కందుకూరులో పుట్టింటికి పంపించారు. మధ్యాహ్నానికి గుమాస్తా మాస్టారి ఇంటికెళ్ళి విరహాన్ని పరిశీలించి వచ్చాడు. మాస్టారు అరుగు మీద ఇద్దరు స్నేహితుల్ని కూర్చోబెట్టుకుని క్యారంబోర్డు ఆడుతున్నారని, పదేళ్ళ తరవాత ఇంత హాయిగా ఉన్నానని చెప్పారని, ఆరోగ్యం భేషుగ్గా ఉందని నివేదించాడు. కందుకూరులో ఆవిడ కూడా అలాగే ఉందట. 'ఈ కవితలోని విరహము నమోదు కాలేదు. శ్రోతలు గమనించగలరు' అనే ప్రకటనతో కవిత ప్రసారమైంది.

బుధవారం జోలపాటకు బిడ్డ కావాలి. బిడ్డ ఏడవాలి, పాటకు నిద్రపోవాలి. సామ్రాజ్యం మనవరాలిని తెచ్చారు. పాట మొదలుపెట్టకముందే ఆ పిల్ల ఆదమరిచి నిద్రపోతోంది. నిద్రపోయే బిడ్డకు జోల అనవసరం కాబట్టి లేపమన్నాడు మార్తాండరావు. లేపారు. లేచిన పిల్ల ఇక పడుకోలేదు. కప్పల్ని చూసి కేరింతలు కొడుతూ కూర్చుంది. బిడ్డ నిద్రపోయేదాకా పాట ఆపడానికి వీల్లేదు. మధ్యాహ్నం రెండింటికి మొదలైన జోల నాలుగూ నలభై దాకా సాగింది. ఈలోగా ఇరవై రెండు ఊళ్ళూ కునికాయి. టీకొట్ల వాళ్ళు కునికారు, బస్టాండులో కండక్టర్లు కునికారు, మార్తాండరావు గట్టు మీద కుర్చీలోనే గురక పెట్టాడు. చివరికి పాడే ఆవిడ కూడా నిద్రపోయింది. ఒక్క బిడ్డే మెలకువగా ఉంది.

గురువారం నాటక పద్యం యుద్ధరంగంలో పాడేది. యుద్ధం కోసం మండలి ఢిల్లీకి రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు గనక దాన్ని వాయిదా వేశారు.

ఆ గురువారమే మార్తాండరావు ఆదివారం పేజీ తిప్పాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

"శోకగీతము. బాగున్నది. మృతుడు ఎవరు?"

ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందోనని ప్రమీల మూడు రోజులుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతోంది. "మృతుడు లేడండీ. పాట ఒకటే."

"మృతుడు లేని శోకము, పడవ లేని పడవపాట!" మార్తాండరావు నిజంగానే నొచ్చుకున్నాడు. "ఈ ఉత్తర్వు ఏ ప్రశ్న నుండి పుట్టినదో ఆ ప్రశ్ననే నీవు మరల మా ముందుంచుచున్నావు."

"ఆమెకు సోమవారం ఆపరేషనండీ. మళ్ళీ పాడలేదు. బురదంటే తెచ్చాను గానీ, శవాన్ని ఎక్కడ తెచ్చేదండీ?"

"అది మండలి చూసుకొనును" అని మార్తాండరావు అభయమిచ్చాడు.

మండలి చూసుకుంది. ఇరవై రెండు పంచాయతీలకు లేఖలు వెళ్ళాయి. 'ఈ నెల ఇరవై మూడవ తేదీ ఆదివారము ఉదయము పదకొండు గంటలకు మరణించి ఉండగల వ్యక్తుల వివరములు తక్షణమే పంపవలెను. కళాభిరుచి గలవారికి ప్రాధాన్యము.' అదే ప్రకటన పొలంగట్టు రేడియోలో గంటకోసారి ప్రమీల గొంతుతోనే చదివించారు. చదివినప్పుడల్లా ఆమె లెంపలు వేసుకుంది. ముసలివాళ్ళున్న ఇళ్ళకు గుమాస్తా స్వయంగా వెళ్ళి, ఆరోగ్యం ఎలా ఉంది, ఆదివారం ఖాళీయేనా అని విచారించాడు. నాలుగో ఇంట్లో ఒక ముసలమ్మ రోకలి పుచ్చుకుని చెరువుకట్ట దాకా తరిమింది. ఒక్క పంచాయతీ నుంచి మాత్రం మర్యాదగా జవాబొచ్చింది. 'ప్రస్తుతము మా గ్రామమున ఎవరునూ సిద్ధముగా లేరు. దసరా నాటికి ఇద్దరు ఉండవచ్చును.'

శుక్రవారం పక్క ఊళ్ళో నిజంగానే ఒకాయన పోయాడు. మార్తాండరావు సంతాపం చెప్పడానికి వెళ్ళి, ఆదివారం పదకొండు దాకా ఆగగలరా అని అడిగాడు. వాళ్ళు ఆగలేమన్నారు. అన్న తీరుకు జీపు అద్దం ఒకటి పగిలింది.

శనివారం పొద్దున ప్రమీల ఆదెమ్మ ఇంటికి వెళ్ళి గడపలోనే కూలబడింది.

"నావల్ల కాలేదు అవ్వా. ఒట్టి పాట పాడించానంటే రేడియోనే మూయిస్తారంట."

ఆదెమ్మ ఆస్పత్రికి తీసుకెళ్ళే సంచి సర్దుకుంటోంది, సర్దుకుంటూనే ఉంది. ఒకే చీరను మూడుసార్లు మడత పెట్టింది. ప్రమీల అది చూడలేక మొహం తిప్పుకుంది.

పంచలో మంచం మీద కూర్చున్న శింగరయ్య చుట్ట ఆర్పాడు. ఆయనకు ఎనభై ఒకటి. వరసకు ఆదెమ్మకు అన్న. రోజూ పొద్దున్నే వచ్చి అక్కడ కూర్చుని రేడియో విని వెళతాడు.

"అయితే నేను చస్తాలే అమ్మాయ్" అన్నాడు.

"నోరు మూసుకో అన్నా" అంది ఆదెమ్మ.

"మూసుకుంటా. చచ్చినోడు మూసుకోవాల్సిందే గదా." శింగరయ్య ప్రమీల వైపు తిరిగాడు. "మా కాంతం పోయిన్నాడు ఇది గంటన్నర పాడిందంట. ఊరంతా చెప్పుకున్నారు. నేనొక్క ముక్క ఇనలా అమ్మాయ్. ఏడ్చి ఏడ్చి చెవులు మూసకపోయినయ్యి. తొమ్మిదేళ్ళ నుంచి ఎలితిగానే ఉంది నాకు. ఒక్క పూట కట్టె మాదిరి పడుకుంటే పాట మొత్తం ఇనొచ్చంటే, అంతకంటే కావాల్సిందేంది?"

ప్రమీల పరుగున వెళ్ళి మార్తాండరావుకు చెప్పింది. ఆయన నియమాల పుస్తకం ఆసాంతం తిరగేశాడు. ప్రతీకాత్మక మృతుడు అనే మాట అందులో ఎక్కడా లేదు. మృతుడు అంటే మృతుడే, ధ్రువపత్రంతో సహా. పంచాయతీ కార్యదర్శి మొదట, "బతికున్నోడికి నేనియ్యనండీ, నా ఉద్యోగం పోద్ది" అని మొండికేశాడు. మండలి లెటర్‌హెడ్ మీద ఉత్తర్వు రాసిచ్చాక పెన్ను తీశాడు.

"మరణ కారణం ఏం రాయమంటారు?"

"సాంస్కృతికము" అన్నాడు మార్తాండరావు.

"సమయం?"

"ఆదివారము ఉదయము పదకొండు నుండి పదకొండున్నర వరకు."

కార్యదర్శి ఫారం తిప్పి తిప్పి చూశాడు. మరణం మొదలయ్యే సమయానికి గడి ఉంది గానీ ముగిసే సమయానికి గడి లేదు. ఉన్న గడి నింపి సంతకం పెట్టాడు.

ఆదివారం పదిన్నరకు శింగరయ్య తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని, తన మరణ ధ్రువపత్రం చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. స్టూడియోలో వరి జానెడు ఎత్తు లేచి పచ్చగా ఉంది. దాని మధ్యన బల్ల వేసి పడుకోబెట్టారు. మెళ్ళో దండ వేశారు. తల దగ్గర గట్టు మీద ఆదెమ్మ కూర్చుంది. మార్తాండరావు మృతుడి దగ్గరకు వంగి, "కనురెప్పలు కదలరాదు" అని హెచ్చరించాడు.

"ఊపిరన్నా తీసుకోనిస్తారా?" అడిగాడు మృతుడు.

"మితముగా."

ఎర్రలైటు వెలిగింది. ఆదెమ్మ కళ్ళు మూసుకుంది. గొంతులో గరగర వినిపించింది. మరుక్షణం పాట లేచింది.

"పొద్దు పొడవక ముందె పొలమెల్లినోడ, ఓ శింగరన్నా
పొద్దుగూకిన ఎనక గట్టు దిగనోడ, ఓ శింగరన్నా
ఎద్దు మెడకు గంట కొనడానికని నువ్వు ఆరుమైళ్ళు నడిచావు
ఆలి అడిగిన రవిక గుడ్డ మాత్రం అంగట్లోనె మరిచావు..."

"మరవలా!" అన్నాడు మృతుడు. "ఆ రంగు దొరకలా! నువ్వట్టా అబద్ధాలు పాడబాకు!"

మార్తాండరావు నెత్తి కొట్టుకున్నాడు. గుమాస్తా గబగబా రాసుకున్నాడు. ఆదెమ్మ కళ్ళు తెరవకుండానే నవ్వింది. రాగం తెగనీయకుండా, "రంగు దొరకలేదని పదియేళ్ళు చెప్పావు, ఓ శింగరన్నా" అని అందుకుంది. కింద గోదాము ముందు గుమిగూడిన జనం ఘొల్లుమన్నారు. బడి ఎగ్గొట్టిన రోజులు, పెళ్ళిలో అలిగిన పూట, కరువు ఏడాది తన గింజలు నాలుగిళ్ళకు పంచి తను జొన్నంబలి తాగిన సంగతి, అన్నీ వచ్చాయి. శింగరయ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు. అంత కుదురుగా వినే మనిషి ఆదెమ్మకు జన్మలో దొరకలేదు, అది ఆమె మొహంలో తెలుస్తోంది.

తరవాత కబుర్లు మొదలుపెట్టింది. "పోయినాక మా కాంతమ్మ వదినతో చెప్పు, మునగచెట్టు మళ్ళీ పూసిందని. మాయమ్మతో చెప్పు, నీ పాట నేను ఆఖరుదాకా మోశానని..."

ఫోను మోగింది. ప్రమీల ఎత్తింది. ఏ ఊరి ఆడమనిషో. "అమ్మాయ్, శింగరయ్య ఎల్తన్నాడు గదా, మా నాయన చిన వెంకన్నకు కూడా ఒక మాట చెప్పమను. నా కూతురికి నర్సు ఉద్యోగం వచ్చిందని చెప్పమను."

ప్రమీల చీటీ రాసి గట్టు మీదుగా వెళ్ళి ఆదెమ్మ చెవిలో చదివింది. ఆదెమ్మ ఆ మాటను రాగంలోకి తీసుకుంది. ఫోను పెట్టీ పెట్టగానే ఇంకోటి. ఇల్లు కట్టామని చెప్పమన్నారు. బావిలో నీళ్ళు పడ్డాయని చెప్పమన్నారు. ఒకాయన తన అన్నతో, గట్టు తగాదాలో తప్పు తనదేనని చెప్పమని ఏడ్చాడు. పదకొండున్నర అయింది, పన్నెండయింది, ఒంటిగంట కూడా దాటింది. మృతుడు కళ్ళు తెరవకుండానే ఒకసారి టీ అడిగాడు. ఆరోజు ఇరవై రెండు ఊళ్ళలో అన్నాలు వండలేదు. ఫోను ఎత్తీ రాసీ ప్రమీల వేళ్ళు నొప్పి పుట్టాయి. ఆమె ఏడుస్తూనే రాసింది, అలా ఏడవడం ఆమెకు బాగుంది కూడా.

ఒంటిగంటన్నరకు ఒక చీటీ ఆమె ఒళ్ళో వచ్చి పడింది. తలెత్తి చూస్తే మార్తాండరావు కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"అది అనధికారికము" అన్నాడు అటువైపే చూస్తూ.

చీటీలో ఇలా ఉంది. 'మా అమ్మ రాజ్యలక్ష్మికి. రాలేకపోయాను, ఆడిట్ ఉండెను.' ఆదెమ్మ దాన్ని కూడా పాడింది. అందరికంటే మెత్తగా పాడింది.

రెండింటికి ఆదెమ్మ గొంతు ఒక్కసారిగా ఆగింది. పెదవులు కదిలాయి గానీ రాగం రాలేదు. ప్రమీల చేయి చాచి ప్రసారం ఆపేసింది.

ఆపరేషనైన తొమ్మిదో రోజున ప్రమీల, శింగరయ్య ఒంగోలు ఆస్పత్రికి వెళ్ళారు. ఆదెమ్మ మెడకు కట్టుతో దిండుకు ఆనుకుని కూర్చుంది. గుసగుస తప్ప గొంతు లేదు. ప్రమీల చేతిలో మండలి నుంచి వచ్చిన తాఖీదు ఉంది. సంతకం మార్తాండరావుదే. శింగరయ్య అడగ్గా పైకి చదివింది.

'23వ తేదీ ప్రసారములో మృతుడు ఒక చోట సంభాషించినట్లును, చివర టీ కోరినట్లును నమోదైనది. రికార్డుల ప్రకారము మృతుడైన వ్యక్తి వాస్తవమునందు జీవించియుండుట సందర్భశుద్ధికి విరుద్ధము. కావున సదరు శింగరయ్య, రానున్న మార్చి 31వ తేదీలోగా తన స్థితిని రికార్డులకు అనుగుణముగా సరిచేసికొనవలెను. లేనిచో ప్రసారము చెల్లదు. ఇందుమూలముగా కేంద్రమునకు తుది అవకాశము ఇవ్వడమైనది.'

పక్క మంచాలవాళ్ళు కూడా విన్నారు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గడువు పెంచమని రాద్దాం తాతా" అంది ప్రమీల. "ఎంత పెంచమనాలా?"

"పదేళ్ళు రాయి. ఇస్తే ఇస్తారు" అన్నాడు శింగరయ్య.

ఆదెమ్మ చెయ్యెత్తి ఆయన్ని దగ్గరకు రమ్మంది. ఆయన మంచం అంచున కూర్చుని చెవి పెట్టాడు. ఆ గుసగుస ప్రమీలకు కూడా వినపడింది.

"తొందరపడి పోబాకు అన్నా. ఇప్పుడు నువ్వు పోతే నీకు పాడేవోళ్ళు లేరు."

"పాడేశావుగా. ఇన్నాగా" అన్నాడు శింగరయ్య.